విశాఖలో ఓ పొడి చెత్త సర్వీసు: బండి వెనకాల మనుషుల లెక్క చూస్తే

మధురవాడ, ఎండాడ, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు అపార్ట్‌మెంట్లకూ ఆఫీసులకూ పొడి చెత్త పట్టుకెళ్లే ఓ ప్రైవేటు సంస్థ సర్వీసు మీద ఈ సమీక్ష. బండి చెప్పిన టైముకే వస్తుంది. తూకం చీటీ వాట్సాప్‌లో పంపిస్తారు. అట్టలకీ పెట్ (ప్లాస్టిక్) బాటిళ్లకీ లెక్క కట్టి నెలాఖరు బిల్లులో తగ్గిస్తారు. వాటిలో వంక పెట్టడానికేం లేదు. ఇక్కడ చూసింది వేరే సంగతి. ఆ చెత్త ఎత్తేవాళ్లూ, షెడ్డులో చెత్త కదిలే బెల్టు దగ్గర ఏరేవాళ్లూ, ఆ సరుకు చివరికి చేరే గోడౌన్లలో పనిచేసేవాళ్లూ “రేపట్నుంచి రాను” అని చెప్పి, రావాల్సిన డబ్బులు పుచ్చుకుని వెళ్లిపోగలరా? వెళ్లలేకపోతే అది వెట్టిచాకిరీ. దానికి గొలుసులు, తాళాలు ఉండక్కర్లేదు.

ముందే మార్కులు చెప్పేస్తాం. బండ్ల మీద పనికి ఐదుకి నాలుగు. షెడ్డులో ఏరివేతకి రెండు. సరుకు గేటు దాటాక జరిగేదానికి ఒకటి, అదీ కొన్ని కాగితాలైనా దాచకుండా చూపించినందుకు. సంస్థ పేరు రాయడం లేదు. ఊళ్లో ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా ఉన్నాయి, ఇక్కడ చెప్పే తనిఖీలు వాటిలో దేనికైనా పనికొస్తాయి.

చెత్త రంగాన్నే పట్టుకుని ఈ ప్రశ్న అడగడానికి కారణాలున్నాయి. పని తెల్లవారకముందే మొదలవుతుంది. వాసన వల్ల షెడ్లన్నీ ఊరి చివర ఉంటాయి, అటు తొంగిచూసేవాళ్లుండరు. చదువుతోగానీ భాషతోగానీ పనిలేదు కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచో, ఏజెన్సీ నుంచో, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచో మేస్త్రీ ఎవర్ని తెచ్చి నిలబెట్టినా సరిపోతుంది. సరుకు నగదుకే చేతులు మారుతుంది. బ్రిటన్ లాంటి చోట కూడా ఇది జరిగింది. వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు ‘ఆపరేషన్ ఫోర్ట్’ పేరుతో బయటపెట్టిన ముఠా, పోలండ్ నుంచి 400 మందికి పైగా పేదల్ని తీసుకొచ్చి పొలాల్లో, రీసైక్లింగ్ కేంద్రాల్లో పనికి పెట్టింది. 2019 నాటికి ఎనిమిది మంది మీద నేరం రుజువైంది. పనిచేయించుకున్న కంపెనీలకు మనుషులు లేబర్ ఏజెన్సీల ద్వారా, కాగితాలన్నీ సక్రమంగానే వచ్చారు. జీతాలు బ్యాంకు ఖాతాల్లోనే పడ్డాయి. ఆ ఖాతాలు మాత్రం ముఠా గుప్పిట్లో ఉండేవి. అంటే “జీతం బ్యాంకులో వేస్తున్నాం” అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు.

కాగితం మీద ఏముంది

ఈ సంస్థకి ‘ఆధునిక బానిసత్వ నివారణ విధానం’ అనే పత్రం ఉంది. బ్రిటన్‌లో 2015 నాటి చట్టం సెక్షన్ 54 ప్రకారం ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవరు ఉన్న కంపెనీలు ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. ఆ కంపెనీలకు ఇక్కడి నుంచి సరుకు ఎగుమతి చేసేవాళ్లు, తమ దగ్గర చెత్త ఎత్తేవాళ్లని కూడా అలాంటి పత్రం అడుగుతారు. ఈ సంస్థ దాన్ని అందుకోసమే తయారుచేసుకున్నట్టుంది. పిల్లల్ని పెట్టుకోం, గుర్తింపు కార్డులు లాక్కోం, బలవంతపు పని చేయించం అని అన్నీ రాశారు. ఇంగ్లీషులో రాశారు. షెడ్డులో గోడకి అంటించిందీ అదే. బెల్టు దగ్గర మాట్లాడుకునేవి తెలుగు, ఒడియా, కొంచెం హిందీ.

అందులో మన చట్టం ఊసే లేదు. అసలు లోటు అదే. మనకి 1976 నాటి వెట్టిచాకిరీ పద్ధతి రద్దు చట్టం ఉంది. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాక కూడా అది విడిగానే ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం ఎలాగూ ఉంది. కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేయించుకోవడం కూడా ఆ అధికరణం కింద బలవంతపు చాకిరీయేనని 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. పత్రంలో బ్రిటన్ చట్టం బదులు ఈ మూడు ముక్కలు తెలుగులో, ఒడియాలో రాసి పెడితే ఏరేవాళ్లకి అక్కరకొస్తాయి.

బండ్ల మీద పని

ఇక్కడ సంస్థని మెచ్చుకోవాలి. డ్రైవర్లూ లోడింగు కుర్రాళ్లూ కంపెనీ సొంత మనుషులు. నెల జీతం 7వ తేదీలోపు పడుతుంది, చీటీ ఇస్తారు, వారానికో సెలవు నిజంగానే ఉంది. పని మానేస్తానంటే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని, కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ చెబుతోంది. ఇక్కడ ఆఫీసులో ఆ రిజిస్టరు ఉంది, మానేసినవాళ్ల సంతకాలూ తేదీలూ సరిపోయాయి. ఇంత శుభ్రంగా లెక్క పెట్టే సంస్థలు ఈ రంగంలో తక్కువ. ఒక్క మార్కు తగ్గించింది చేతి తొడుగుల విషయంలో. గాజు పెంకులూ సూదులూ వచ్చే సంచుల్లో చేతులు పెట్టేవాళ్లకి పలచటి రబ్బరు తొడుగులు ఇస్తున్నారు. అవి చిరిగితే కొత్తవాటి ఖరీదు జీతంలో కోస్తున్నారు. పనికి అవసరమైన రక్షణ సామగ్రి ఖర్చు యజమానిదే.

షెడ్డు, మేస్త్రీ, అడ్వాన్సు

ఏరివేత షెడ్డులోకి వస్తే లెక్క మారిపోతుంది. ఇక్కడి మనుషులు కంపెనీ మనుషులు కారు, మేస్త్రీ తెచ్చినవాళ్లు. కంపెనీ మేస్త్రీకి టన్నుకింత అని ఇస్తుంది, మేస్త్రీ మనిషికి రోజుకింత అని లెక్క కడతాడు. మధ్యలో ఉన్నది అడ్వాన్సు. ఊళ్లో పండక్కో, పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో డబ్బు అవసరమైనప్పుడు ఇస్తాడు. దానికి కాగితం ఉండదు, తీరేదాకా మనిషి కదలకూడదు.

ఖాతా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది. రోజు కూలి 500. ఆ నెల 22 రోజుల హాజరు, 11,000. అన్నానికి 3,600 కోత. గది అద్దె 1,200 కోత. అడ్వాన్సు కింద 3,000 కోత. వారం వారం చేతిఖర్చుకి ఇచ్చింది 2,000. మిగిలిన 1,200 పక్కన ‘నిల్వ’ అని రాశారు, అంటే ఇవ్వలేదు. పేజీ అడుగున ఇంకో వరుస ఉంది. రాని రోజులు 4, రోజుకి 500 చొప్పున 2,000, ఇది బాకీలో కలిపారు. నెల మొదట్లో బాకీ 25,000. మూడు వేలు కోశాక, రెండు వేలు కలిపాక, నెలాఖరున 24,000. ఇలాగే సాగితే ఆ 25,000 తీరడానికి 25 నెలలు. ఈలోగా ఒక్కసారి ఊరెళ్లి మళ్లీ అడ్వాన్సు తీసుకుంటే లెక్క మొదటికొస్తుంది.

ఈ పేజీలో తప్పులు ఒక్కొక్కటే చూడండి. వేతనాల కోడ్ ప్రకారం అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. ఇక్కడ అన్నం, గది, అడ్వాన్సు కలిసి 7,800. సగమంటే 5,500. జరిమానా నెల జీతంలో 3 శాతం మించకూడదు, అంటే 330 రూపాయలు. అదీ ముందే ప్రకటించిన తప్పులకే, మనిషి చెప్పుకునేది విన్నాకే వేయాలి. రాని రోజుకి కూలి రాకపోవడం న్యాయం. రాలేదని మళ్లీ అంతే మొత్తం బాకీలో కలపడం ఏ చట్టంలోనూ లేదు. ‘నిల్వ’ అని జీతం ఆపడం మనిషిని కట్టేయడానికి అన్నిటికన్నా సులువైన దారి. ఎవరూ తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. మూడు నెలల నిల్వ అలా ఉంటే ఎవరు వదులుకుని వెళ్తారు?

1976 చట్టం దృష్టిలో ఇలాంటి అప్పు అప్పే కాదు. వెట్టికి ముడిపెట్టిన బాకీ తీర్చాల్సిన బాధ్యత రద్దయిపోతుంది. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, 2,000 దాకా జరిమానా. కూలి డబ్బు విషయంలో “మేస్త్రీ సంగతి మాకు తెలీదు” అని కంపెనీ తప్పించుకోలేదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలన్నది పాత కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లలోనూ ఉంది.

అడ్వాన్సే వద్దనడం పరిష్కారం కాదు. ఊళ్లో అవసరం నిజమైనది, కంపెనీ ఇవ్వకపోతే మేస్త్రీ ఇస్తాడు. పనిచేసే పద్ధతి ఒకటుంది. అడ్వాన్సు కంపెనీయే బ్యాంకు ద్వారా, కాగితం మీద, వడ్డీ లేకుండా ఇవ్వాలి. నెలకి జీతంలో పదో వంతుకి మించి కోయకూడదు. మనిషి మానేస్తే ఆఖరి జీతంలో సర్దగలిగినంత సర్ది మిగతాది వదిలేయాలి. వదిలేసేది కంపెనీకి ఖర్చే, కానీ మనిషి వెళ్లగలిగే స్థితిలో ఉండటానికి ఆ ఒక్క నియమమే హామీ. ఈ సంస్థ మొదటి రెండింటికీ ఒప్పుకుంది. మూడోదానికి ఇంకా ఒప్పుకోలేదు.

షెడ్డులో ఇంకొన్ని చిన్న విషయాలు ఉన్నాయి, వాటికి పెద్ద అర్థం ఉంది. ఆధార్ అసలు కార్డులు “పోకుండా” మేస్త్రీ బ్యాగులో ఉన్నాయి. పోకుండా ఉండాలంటే ఒక్కొక్కరికీ తాళం ఉన్న చిన్న పెట్టె ఇచ్చి తాళంచెవి వాళ్ల చేతికే ఇవ్వాలి. ఫిర్యాదుల పెట్టె కెమెరాకి ఎదురుగా ఉంది, దాని తాళంచెవి సూపర్‌వైజరు దగ్గరుంది. గోడ మీదున్న హెల్ప్‌లైన్ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తేది కూడా షెడ్డు సూపర్‌వైజరే. ఆ పెట్టె ఖాళీగా ఉందని పత్రంలో ‘ఫిర్యాదులు లేవు’ అని రాసుకున్నారు! వాళ్లుండే గదికి గడియ ఏ వైపు ఉందో చూడండి. బయటివైపు మాత్రమే ఉంటే ఇంకేం అడగక్కర్లేదు. ఇక్కడ లోపలివైపే ఉంది.

బ్యాంకు జాబితా, పీఎఫ్ జాబితా ఎలా చదవాలి

వేరే సంస్థని చూసుకోవాలనుకునే అపార్ట్‌మెంటు సంఘాలూ, కంపెనీల్లో హౌస్‌కీపింగు చూసేవాళ్లూ ఈ భాగం నిదానంగా చదవండి. షెడ్డుకి వెళ్లకుండానే ఇక్కడ సగం తెలిసిపోతుంది.

జీతాల జాబితాని ఎక్సెల్‌లో తీసుకుని ఫోన్ నంబర్ల కాలమ్ మీద వరుసలో పెట్టండి. ఐదారుగురికి ఒకే నంబరు వస్తే, ఓటీపీలన్నీ ఒకే మనిషికి వెళ్తున్నాయని అర్థం. అలాగే చిరునామా, నామినీ పేర్లు చూడండి. అన్నదమ్ములకి ఒకే చిరునామా ఉండటంలో వింత లేదు. వేరువేరు జిల్లాల ఇంటిపేర్లున్న పదిమందికి ఒకే నామినీ ఉంటే వింత. ఆపరేషన్ ఫోర్ట్‌లో కూడా ఇలాంటి గుర్తులే కంపెనీల సొంత రికార్డుల్లో దొరికేవి. ఎవరైనా చూడాలి, అంతే. ఏటీఎం కార్డులు ఎవరి దగ్గరున్నాయో మాత్రం కాగితంలో కనబడదు, మనిషిని విడిగా అడగాలి.

పీఎఫ్ కోసం ప్రతి నెలా 15వ తేదీలోపు వేసే ఈసీఆర్ జాబితా అడగండి. డబ్బు కట్టిన చలానా ఒక్కటి చూపిస్తే చాలదు, పేర్లున్న జాబితా కావాలి. అందులో జీతం లేని రోజుల కాలమ్ ఒకటుంటుంది, ఎన్‌సీపీ డేస్ అంటారు. మోసమంతా అక్కడే. 26 రోజులు పనిచేసినవాణ్ని 10 రోజులే వచ్చినట్టు చూపించి, 16 రోజులు ఎన్‌సీపీలో వేస్తే, పీఎఫ్ తగ్గుతుంది, కనీస వేతనం ఇచ్చినట్టూ కనబడుతుంది. గేటు దగ్గర పుస్తకం, హాజరు పట్టీ, ఈసీఆర్ మూడూ పక్కపక్కన పెట్టి ఒకే నెలకి సరిపోల్చండి. ఈ సంస్థ బండ్ల సిబ్బందికి మూడూ సరిపోయాయి. షెడ్డులో గేటు పుస్తకంలో ఉన్న పేర్లలో కొన్ని ఈసీఆర్‌లో అసలు లేవు.

పుస్తకాలన్నీ ముందే సర్దేసిన చోట కూడా తూకం అబద్ధమాడదు. ఒక వారం మీ కళ్లముందు ఎంతమంది ఎన్ని కిలోలు ఏరారో రాసుకోండి. మనిషికి రోజుకి ఎంత వస్తుందో తేలుతుంది. ఆ అంకెతో గడిచిన నెల టన్నుల్ని భాగించి, వచ్చినదాన్ని ఆ నెల పనిరోజులతో భాగిస్తే ఎంతమంది ఉండాలో వస్తుంది. జాబితాలో అంతకన్నా బాగా తక్కువ పేర్లుంటే రెండే కారణాలు ఉండొచ్చు. ఉన్నవాళ్లతో పన్నెండు, పద్నాలుగు గంటలు చేయిస్తున్నారు, లేదా జాబితాలో లేని మనుషులున్నారు. ఆ లేనివాళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లు ఉన్నారేమో మొదట చూడాలి. 14 ఏళ్లలోపు పిల్లలతో ఈ పని ఏ రూపంలోనూ కుదరదు, 18 లోపువాళ్లని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు.

ఏరుకొచ్చేవాళ్లకీ కొట్టుకీ మధ్య బాకీ

సంస్థ చెత్త ఎత్తడమే కాదు, కొంటుంది కూడా. వీధుల్లో సంచులేసుకుని ఏరేవాళ్ల దగ్గర సరుకు కొనే కేంద్రం నడుపుతోంది. కొంత నేరుగా కొంటుంది, ఎక్కువ భాగం పాత సామాన్ల కొట్ల ద్వారా వస్తుంది. ఈ కొట్ల దగ్గరే అందరూ వదిలేసే విషయం ఒకటుంది.

ఏరుకునేవాళ్లు ఎవరి కిందా కూలీలు కారు, వాళ్ల పని వాళ్లది, కాబట్టి వెట్టి ప్రశ్నే లేదని సంస్థ పత్రం ధోరణి. చట్టం అలా చూడదు. వెట్టికి 1976 చట్టం చెప్పిన నాలుగు గుర్తుల్లో మొదటి మూడూ అందరికీ తెలిసినవే. నామమాత్రపు కూలికో కూలి లేకుండానో పనిచేయడం, వేరే పని చూసుకునే స్వేచ్ఛ పోవడం, కావాల్సిన చోటికి వెళ్లే స్వేచ్ఛ పోవడం. నాలుగోది, తన వస్తువునిగానీ తన కష్టంతో వచ్చినదాన్నిగానీ మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కు పోవడం. అప్పుకి బదులుగా వీటిలో ఏ ఒక్కటి పోయినా చాలు. కొట్టువాడు ఐదు వేలు అడ్వాన్సిచ్చి “సరుకు నాకే వెయ్యాలి” అని, పక్క కొట్టులో ఇచ్చే రేటు కన్నా కిలోకి మూడో నాలుగో తగ్గించి కొంటున్నాడంటే, అది ఈ నాలుగో గుర్తు కిందికే వస్తుంది. వానలప్పుడు అట్టలు తడిసి రేటు పడిపోతుంది, ఏరేది తగ్గుతుంది, అడ్వాన్సు పెరుగుతుంది. కొట్టు బాకీలు వానాకాలంలోనే ముదురుతాయి.

సంస్థ నేరుగా కొనే కేంద్రంలో చేస్తున్న మంచి పని చెప్పాలి. రోజు రేట్లు తెలుగులో బోర్డు మీద రాస్తున్నారు, కాటా అంకెలు అమ్మేవాళ్ల వైపు తిరిగి ఉన్నాయి, కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంది, గడువు దాటలేదు. డబ్బు అక్కడికక్కడే. పెద్దగా ఖర్చు లేని ఈ నాలుగూ ఏరేవాళ్లని కొట్టు బాకీ నుంచి బయటికి లాగగలవు, ఎందుకంటే నికరమైన రేటు తెలిసినవాళ్లకి తాము పోగొట్టుకుంటున్నది ఎంతో తెలుస్తుంది. కేంద్రం ఉదయం రెండు గంటల సేపే తెరిచి ఉంచుతున్నారు. తెల్లవారుజామున బయల్దేరినవాళ్లు సంచి నింపుకుని తిరిగొచ్చేసరికి పది దాటుతుంది, అప్పటికి తెరిచి ఉండేది కొట్టే. మధ్యాహ్నం రెండింటి దాకా తెరిస్తే ఈ ఏర్పాటు నిజంగా పనిచేస్తుంది.

కొట్ల నుంచి కొనేటప్పుడు మాత్రం సంస్థ బరువు, తేమ తప్ప ఏమీ అడగడం లేదు. అడగాల్సింది కొట్టు ఖాతా పుస్తకం. మొదట ఎక్కువ సరుకు ఇచ్చే నాలుగైదు కొట్లతో మొదలుపెడితే చాలు, ఊళ్లోని కొట్లన్నిటి జోలికీ ఒకేసారి పోనక్కర్లేదు.

గేటు దాటాక

బేళ్లు కట్టిన సరుకు మూడు దార్లలో పోతోంది. పెట్ బాటిళ్ల బేళ్లకి కాగితాలు బాగున్నాయి. తూకం చీటీ, జీఎస్టీ బిల్లు, 50,000 రూపాయలు దాటిన లోడుకి ఈ-వే బిల్లు, చేరిన ఫ్యాక్టరీ పేరు అన్నీ కలిశాయి. పనికిరాని ప్లాస్టిక్ కవర్లు సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్తున్నాయి, వాటి రసీదులూ ఉన్నాయి. మూడోది పాత వైర్లు, చార్జర్లు, పాడైన మిక్సీలు, బ్యాటరీలు. వీటికి ‘నగదు అమ్మకం’ అని ఒక్క వరుస తప్ప ఏమీ లేదు. ఈ-వేస్టుకి 2022 నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, నమోదైన రీసైక్లర్లకే ఇవ్వాలి. వైర్లు కాల్చి రాగి తీసేది, బ్యాటరీ పగలగొట్టి సీసం తీసేది ఎవరు, ఏ వయసువాళ్లు, ఎంతకి అన్నది ఆ ‘నగదు అమ్మకం’ వెనక ఉండిపోయింది. మూడో దారికి సమాధానం లేకే ఈ భాగానికి ఒక్క మార్కు. మీ అపార్ట్‌మెంటులో ఈ-వేస్టు వీళ్లకి ఇవ్వకండి, విడిగా పెట్టి నమోదైనవాళ్లకే ఇవ్వండి.

ఇంకో మాట, సర్వీసుకి నేరుగా సంబంధం లేకపోయినా చెప్పి తీరాలి. బండి కుర్రాళ్లని “వచ్చారు కదా” అని సెప్టిక్ ట్యాంకులోకో ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) గుంటలోకో దింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాకీపని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం, ప్రాణాలు పోతే పరిహారం 30 లక్షలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గ్యాసు ఊపిరి తీయడానికి నిమిషాలు చాలు. యంత్రం ఉన్న ట్యాంకరునే పిలవండి.

తుపాను తర్వాత, పెద్ద కార్యక్రమాల ముందు మామూలు తనిఖీలన్నీ పక్కకి పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వెళ్లాక ఊరంతా విరిగిన చెట్లూ, రేకులూ. అలాంటప్పుడు రాత్రికి రాత్రి మనుషులు కావాలి, ఎక్కడివాళ్లు, ఎంతకి వచ్చారు అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే అత్యవసరానికి పిలిచే మేస్త్రీల జాబితా వేసవిలోనే తయారు చేసి, వాళ్ల ఖాతాలు అప్పుడే చూసి ఉంచాలి. ఈ సంస్థ దగ్గర ఆ జాబితా లేదు.

మనం ఇచ్చే రేటు

తప్పంతా సంస్థది, మేస్త్రీదీ అనుకుంటే లెక్క కుదరదు. ఒక మనిషికి నెలకి 14,000 వేతనం అనుకోండి. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, కార్మిక శాఖ ఆరు నెలలకోసారి సవరించే రేటు చూసి మీ అంకె వేసుకోండి. యజమాని వైపు పీఎఫ్, అడ్మిన్ చార్జీలతో 13 శాతం, 1,820. ఈఎస్ఐ 3.25 శాతం, 455. బోనసు 8.33 శాతం, 1,166. జీతంతో కూడిన సెలవులకి సుమారు 700. తొడుగులు, బూట్లు, బట్టలకి 400. ఇక్కడికి 18,541. వారపు సెలవు రోజున ఇంకో మనిషిని పెట్టాలి, నెలకి నాలుగు రోజులకి సుమారు 2,850. మొత్తం 21,400 దగ్గరికి వస్తుంది. పర్యవేక్షణ, లాభం, జీఎస్టీ ఇందులో లేవు.

ఇప్పుడు ఎవరైనా “అన్నీ కలిపి మనిషికి 15,000” అని కొటేషను ఇస్తే, మిగతాది ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. వారపు సెలవు నుంచి వస్తుంది, పీఎఫ్ నుంచి వస్తుంది, చివరికి ఆ ఖాతా పుస్తకంలోని ‘నిల్వ’ నుంచి వస్తుంది. ఈ సంస్థ బండ్ల సర్వీసుకి అడిగే రేటులో ఈ ఖర్చులన్నీ పడతాయి. షెడ్డు మేస్త్రీకి టన్నుకిచ్చే రేటులో పడవు. తక్కువ కొటేషను చూసి సంబరపడే సంఘాల కమిటీలు ఈ కూడికని మీటింగులో ఒకసారి గట్టిగా చదవాలి.

ఒప్పందంలో రాయించుకోవాల్సింది నాలుగు మాటలు. ప్రతి నెలా పేర్లతో ఈసీఆర్ ఇవ్వాలి. ఒక అంచెకి మించి సబ్ కాంట్రాక్టు ఉండకూడదు. మేస్త్రీ సొంత అడ్వాన్సు నిషేధం. చెప్పకుండా వచ్చి షెడ్డు చూసే హక్కు. ‘తప్పు దొరికితే వెంటనే రద్దు’ అని మాత్రం రాయకండి. ఆ వాక్యం ఉంటే సంస్థ తప్పుని దాచిపెడుతుంది, బయటపడిన రాత్రే మేస్త్రీ మనుషుల్ని వేరే ఊరి షెడ్డుకి తరలించేస్తాడు. దానికి బదులు, బకాయిలు కట్టి సరిదిద్దడానికి గడువిచ్చి, అప్పటికీ చేయకపోతే రద్దు అని రాయండి.

నిజంగానే వెట్టి అనిపిస్తే మేస్త్రీ ముందు మనిషిని ప్రశ్నించకండి, సంస్థ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. చూసినదీ, తేదీలూ, దొరికితే ఖాతా పేజీ ఫొటో పెట్టి కలెక్టరుకో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ చట్టం అమలు వాళ్ల బాధ్యత, జిల్లా, డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీలు వాళ్ల కిందే ఉంటాయి. ప్రాణభయం ఉంటే 112, పిల్లలుంటే 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. పని ఎక్కువగా చెడేది ఆ తర్వాత. మనుషుల్ని బయటికి తీసుకొచ్చి, టికెట్ కొనిచ్చి రైలెక్కించేస్తారు. వెట్టి నుంచి విడిపించామని అధికారులు ఇచ్చే విముక్తి ధ్రువపత్రం ఎవరూ అడగరు. అది లేకపోతే 2016 పునరావాస పథకం కింద పురుషుడికి లక్ష, మహిళలకీ పిల్లలకీ 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షల దాకా ఇచ్చే సాయం అందడం కష్టం. ఖాళీ చేతులతో ఊరికెళ్లినవాళ్ల గుమ్మంలోకి కొన్నాళ్లకి అదే మేస్త్రీ మళ్లీ అడ్వాన్సుతో వస్తాడు. అందుకే వాళ్లు ఊరు కదలకముందే ధ్రువపత్రం, బకాయి కూలి రెండూ చేతికొచ్చేలా పట్టుబట్టాలి.

ఈ సర్వీసు తీసుకోవచ్చా అంటే, బండి వరకూ తీసుకోవచ్చు. షెడ్డు సంగతిలో సంస్థ కొన్ని మాటలు రాసిచ్చింది. ఏరేవాళ్లని ఈసీఆర్‌లోకి తెస్తామనీ, ఫిర్యాదుల నంబరు ఆఫీసుకి మారుస్తామనీ, ఆధార్ కార్డులు తిరిగి ఇచ్చేస్తామనీ రాశారు. అడ్వాన్సు వదిలేసే నియమం, ఈ-వేస్టు ఎక్కడికి పోతోందన్నదీ అందులో లేవు. ఏడాది ఒప్పందం చేసుకోకండి. మూడు నెలలకి చేసుకోండి, రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆ ఖాతా పుస్తకంలో బాకీ కాలమ్ ముందు చూడండి.